ఊటపాడు సెంటర్లో తీసివేత

మార్చి పదకొండు, ఉదయం పదకొండు గంటల ఇరవై నిమిషాలకు ఊటపాడు పాత సినిమాహాలు సెంటర్లో పికో మిషన్ ఆగింది. కరెంటు ఉంది. మిషన్ చెడిపోలేదు. దాని ముందు కూర్చున్న తోట నాంచారమ్మ, వయసు యాభై ఆరు, కుడిచేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చీర అంచు పట్టుకోలేకపోయింది. మూడుసార్లు ప్రయత్నించింది. మూడోసారి చీర జారి కింద పడింది.

ఎదురుగా స్టూలు మీద కూర్చున్న పెళ్ళికూతురి తల్లి చీర తీసి ఆమె చేతిలో పెట్టింది.

"ఏమైందమ్మా?"

"చీర ఎక్కడుందో తెలియటం లేదు," అంది నాంచారమ్మ.

చీర ఆమె చేతిలోనే ఉంది.

ఆ నిమిషానికి సెంటర్లో రెండు వందల పద్నాలుగు మంది ఉన్నారు. ఈ సంఖ్య నేలలో పరిచిన, అడుగులు గుర్తుపట్టే పలకల నుంచి వచ్చింది. పలకలు పరిపించింది నాంచారమ్మ చెల్లెలి కూతురు లిఖిత.

*

ఊటపాడు విజయవాడకు పదహారు కిలోమీటర్ల దూరంలో ఉంది. నగరం చుట్టూ అలాంటి శివారు సెంటర్లు పద్నాలుగు. సరుకులు మోసే యంత్రాలు ఇళ్ళ మీదికి ఎగరడం మొదలయ్యాక, జనం వాటిని తూనీగలు అన్నారు, మూడేళ్ళలో పదకొండు సెంటర్లు సగానికి పైగా ఖాళీ అయ్యాయి. ఖాళీ అయిన చోట్ల శివారు సెంటర్ల మండలి బెంచీలు వేసింది, దీపాలు పెట్టింది, రెండు చోట్ల నీళ్ళు చిమ్మే ఫౌంటెన్లు కట్టింది. బెంచీల మీద ఎవరూ కూర్చోలేదు.

ఊటపాడులో బెంచీ లేదు. కాలిబాట సగం కాలువలోకి కుంగింది. సాయంత్రం ఆరింటికి అక్కడ తొమ్మిది వందల మంది ఉండేవారు. కారణం కనిపెట్టమని మండలి ఒక పరిశోధనశాలను అడిగింది. లిఖిత అందులో పనిచేస్తుంది. ఊటపాడు తనకు తెలిసిన ఊరని, పని తనకివ్వమని అడిగి తీసుకుంది.

లిఖితకు నాలుగేళ్ళప్పుడు తల్లి పోయింది. నాంచారమ్మ పెంచింది. సినిమాహాలు మూతపడ్డాక దాని మెట్ల కింద ఆరడుగుల చోటులో నాంచారమ్మ మిషన్ పెట్టుకుంది. చీరలకు ఫాల్ కుట్టడం, పికో కొట్టడం ఆమె పని. లిఖిత బడి నుంచి వచ్చి ఆ స్టూలు మీదే హోంవర్కు చేసేది. కస్టమరు వస్తే లేచి నిలబడి రాసేది.

పలకలు వేయడానికి సెంటర్ తవ్వాలి. లిఖిత వర్తకుల సంఘంతో మాట్లాడింది. సంఘం అధ్యక్షుడు పెనుగొండ శేషగిరికి గాజులు, ఫ్యాన్సీ సామాన్ల షాపు ఉంది.

"ఆషాఢంలో తవ్వుకోండమ్మా," అన్నాడు శేషగిరి. "పెళ్ళిళ్ళుండవు, పేరంటాలుండవు. మాకు నష్టం లేదు, మీకు అడ్డం లేదు."

పక్కనే టీ కొట్టు మస్తాన్ ఉన్నాడు. "నాకు నష్టమేనండి. తవ్వేవాళ్ళు టీ తాగి, రేపిస్తామని పోతారు," అన్నాడు.

"నీ టీ తాగినోడు రేపటిదాకా ఉంటే కదా ఇచ్చేది," అన్నాడు శేషగిరి.

లిఖిత తేదీలు రాసుకుంది. జూన్ చివర తవ్వారు. జులై ఇరవై నాలుగుకి పలకలు పరిచి పూడ్చారు. ఇరవై అయిదు ఉదయం ఆరింటికి రికార్డు మొదలైంది. ఆగస్టు ఇరవై మూడు రాత్రికి ముప్పై రోజులు పూర్తయ్యాయి.

*

పలకకు మనిషి పేరు తెలియదు. నడక తెలుసు. బరువు ఏ కాలి మీద ముందు పడుతుందో, అడుగుకీ అడుగుకీ మధ్య ఎంత ఎడం ఉందో చూసి మనిషిని గుర్తుపడుతుంది. ఒకరి నడక మరొకరికి ఉండదు. ముప్పై రోజుల్లో సెంటర్‌కు మళ్ళీ మళ్ళీ వచ్చిన మనుషులు మూడు వేల నూట పన్నెండు మంది అని తేలింది. పరిశోధనశాలలో బల్ల అంత గాజు తెర మీద వాళ్ళు చుక్కలుగా కనిపించారు. ఆగినచోట చుక్క వెలుగుతుంది. ఎంతసేపు ఆగితే అంత వెలుగు.

ఇక్కడిదాకా కొత్తేమీ లేదు. పరిశోధనశాల కనిపెట్టింది తీసివేత. తెర మీద ఒక చుక్కను వేలితో తీసేస్తే, యంత్రం ఆ ముప్పై రోజులనూ ఆ మనిషి లేకుండా మళ్ళీ నడిపిస్తుంది. ఆ మనిషి కోసం వచ్చేవాళ్ళు రారు. వాళ్ళతో కూడా వచ్చేవాళ్ళు రారు. నలుగురు నిలబడ్డారని ఆగేవాళ్ళు ఆగరు.

సెప్టెంబరు రెండో వారంలో లిఖిత, ఆమె పై అధికారి విశ్వమోహన్ తెర ముందు కూర్చున్నారు.

"బస్టాపు దగ్గర టికెట్లు రాసే అతన్ని తియ్యి," అన్నాడు విశ్వమోహన్.

తీసింది. వెలుగు తొమ్మిది శాతం తగ్గింది.

"టీ కొట్టు."

"ఆరు సార్."

"మనకి తవ్వుకోమని ముహూర్తం పెట్టాడే, ఆ గాజులాయన?"

"ఒకటిన్నర."

"ఆయనకి చెప్పకు. మళ్ళీ మీటింగు పెడతాడు."

ఒక్కొక్కరినే తీస్తే ఏడాది పడుతుంది. అన్ని చుక్కలనూ వరుసగా తీసి చూడమని యంత్రానికి అప్పగించారు. పదకొండు రోజులు నడిచింది. పన్నెండో రోజు జాబితాలో మొదట ఉన్న చుక్కను లిఖిత తెర మీద తీసింది. సెంటర్ చీకటైంది. బస్టాపు దగ్గర కొంత, కూరగాయల బళ్ళ దగ్గర కొంత వెలుగు మిగిలింది. తగ్గింది అరవై ఒక్క శాతం.

విశ్వమోహన్ యంత్రం తప్పనుకున్నాడు. మళ్ళీ నడిపించారు. అరవై. మళ్ళీ నడిపించారు. అరవై ఒకటి.

"ఎవరితను? ఏం అమ్ముతాడు?"

లిఖిత నవ్వింది. "ఏమీ అమ్మదు సార్. చీరలకి ఫాల్ వేస్తుంది. మా పెద్దమ్మ."

విశ్వమోహన్ కుర్చీ వెనక్కి జరిపి ఆమె వైపు చూశాడు. కారణం అడిగాడు. లిఖిత చెప్పింది.

పన్నెండేళ్ళ క్రితం నాంచారమ్మ దగ్గర ఇద్దరు పెళ్ళికూతుళ్ళ పట్టుచీరలు మారిపోయాయి. రెండూ ఒకటే రంగు. ఒకటి గుడివాడ వెళ్ళిపోయింది. ముహూర్తానికి గంట ముందు నాంచారమ్మ బస్సు దిగి, పెళ్ళి పందిట్లోకి వెళ్ళి మార్చుకుని వచ్చింది. అప్పటినుంచి చీర వదిలి వెళ్ళడానికి ఒప్పుకోదు. మనిషి ఎదురుగా కూర్చుంటేనే మిషన్ తొక్కుతుంది. కూర్చో, రెండు నిమిషాలు అంటుంది. ఆ రెండు నిమిషాలు ఇరవై అవుతాయి. ముందు ముగ్గురుంటే గంట. ఆ గంటలో వచ్చినవాళ్ళు గాజులు చూస్తారు, కూరగాయలు కొంటారు. తీసుకొచ్చిన మగవాళ్ళు మస్తాన్ దగ్గర నిలబడతారు. పిల్లలు హాలు గేటు పట్టుకుని ఊగుతారు. వాళ్ళను చూసి ఇంకొకరు ఆగుతారు.

"అంటే ఈ సెంటర్ నడిచేది ఆవిడ ఆలస్యం వల్ల," అన్నాడు విశ్వమోహన్.

"ఆలస్యమనకండి సార్. వింటే ఊరుకోదు."

ఆ సాయంత్రమే నివేదిక రాయడం మొదలుపెట్టారు.

*

ఇంట్లో ఈ మాట చెప్పినప్పుడు నాంచారమ్మ అన్నంలో పప్పు కలుపుతూ ఉంది. ఎడమచేత్తో కలుపుతూ ఉంది.

"నా వల్లనా? ఇంతమందీనా?" అంది. "మస్తాను విన్నాడంటే రేపట్నుంచి టీ నన్నే కాచుకోమంటాడు."

"నిజం పెద్దమ్మా. మూడుసార్లు చూశాం."

"ఆ చూసేదేదో నా మణికట్టు కూడా చూడమను."

కుడిచెయ్యి రెండు నెలలుగా తిమ్మిరెక్కుతోంది. రాత్రి లేచి విదిలించుకుంటోంది. మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోయిందని డాక్టరు చెప్పాడు. చిన్న ఆపరేషన్. తర్వాత మూడు నెలలు సూది, మిషన్ ముట్టకూడదు. ఎంత తొందరగా చేయించుకుంటే చెయ్యి అంత దక్కుతుందన్నాడు.

"దసరా వెళ్ళాక చేయించుకుంటా," అంది నాంచారమ్మ.

"నేను సెలవు పెడతాను," అంది లిఖిత.

మండలి నివేదిక చదివింది. అక్టోబరు తొమ్మిదిన ఊటపాడు మెట్ల కింద చోటును, సెంటర్‌ను నిలబెట్టే మూల బిందువుగా ప్రకటిస్తూ ఉత్తర్వు ఇచ్చింది. అందులో మూడు నిబంధనలు ఉన్నాయి. మూడోది లిఖిత రాసింది. హాలు యజమాని మరమ్మతు పేరు చెప్పి మెట్లు మూసేస్తాడని ఆమె భయం. మండలి అనుమతి లేకుండా ఆ చోటు రెండు రోజులకు మించి మూసి ఉంచకూడదని రాసింది. ఉత్తర్వు అచ్చయ్యేటప్పటికి ఆ వాక్యానికి ఇంకో సగం చేరింది. అలా మూసి ఉంచిన పక్షంలో చోటు మండలికి దఖలు పడుతుంది. ఎవరు మూసినా అని అర్థం.

లిఖిత అచ్చు కాగితం చూసి విశ్వమోహన్ గదికి వెళ్ళింది.

"అది ఆవిడ మంచికేనమ్మా," అన్నాడు విశ్వమోహన్. "దరఖాస్తు పెట్టమను. ఇస్తారు."

అక్టోబరు పద్నాలుగున దరఖాస్తు పెట్టారు. దీపావళి అయ్యాక చూస్తామని జవాబు వచ్చింది. నవంబరు పదిన మళ్ళీ పెట్టారు. ఈసారి వచ్చిన జవాబులో, మూడు నెలలకు సమానమైన ప్రత్యామ్నాయం చూపాలని, సమానమో కాదో తీసివేతతో నిరూపించాలని ఉంది. లిఖిత పక్క కాలనీలో పికో కొట్టే ఆమె నడకను రికార్డు చేసి, తెర మీద నాంచారమ్మ స్థానంలో పెట్టింది. వెలుగు యాభై ఎనిమిది శాతం తగ్గింది. అక్కడికి వచ్చేవాళ్ళు ఆమె కోసం ఎప్పుడూ వచ్చి ఉండలేదు కనక యంత్రం రానివ్వలేదు. ఎవరిని పెట్టినా అంతే వస్తుందని లిఖితకు అప్పుడు తెలిసింది.

నవంబరు చివరి ఆదివారం శేషగిరి ఇంటికి వచ్చాడు. స్వీట్ల డబ్బా తెచ్చాడు. వెనక మస్తాన్ ఉన్నాడు.

"మూడు నెలలంటే మాటలా నాంచారమ్మా," అన్నాడు శేషగిరి. "నలభై ఒక్క షాపులు."

"షాపులు నలభై ఒకటండీ. చేతులు నాకు రెండే."

"ఎడమచేత్తో అలవాటు చేసుకోలేవా కొన్నాళ్ళు?"

"మీరు ఎడమచేత్తో గాజులు తొడగండి ఒకసారి, ఎన్ని పగులుతాయో చూద్దాం," అన్నాడు మస్తాన్.

శేషగిరి నవ్వలేదు. "నేను చెప్పింది కాదయ్యా ఇది. సైన్సు చెప్పింది. వీళ్ళమ్మాయే చెప్పింది."

లిఖిత వంటగది గుమ్మంలో నిలబడి ఉంది.

శేషగిరి వెళ్ళాక మస్తాన్ చెప్పులు వేసుకోకుండా గుమ్మం దగ్గరే ఆగాడు.

"నేను అడగకూడదక్కా," అన్నాడు. "పాప నిఖా జనవరి పద్దెనిమిదిన. అప్పటిదాకా సెంటర్ పడుకోకుండా ఉంటే చాలు. ఆ తర్వాత నేనే నిన్ను బండి మీద ఆస్పత్రికి తీసుకుపోతా."

"నీ బండి మీదా? ఆపరేషన్ చేతికి చేయించాలా, నడుముకి చేయించాలా?" అంది నాంచారమ్మ.

మస్తాన్ వెళ్ళాక మెడికల్ షాపు నుంచి మణికట్టుకు కట్టుకునే పట్టీ తెప్పించుకుంది. నిఖా అయ్యేదాకా ఆగుతానని లిఖితతో చెప్పింది.

*

జనవరి మూడున లిఖితకు సెలవు. పొద్దున పదింటి నుంచి మెట్ల కింద కూర్చుంది. ఫాల్ బట్ట తడిపి, ఆరబెట్టి, ఇస్త్రీ చేసి ఇవ్వడం ఆమె చేయగలదు. ఒంటిగంట దాకా ఒక్క చీర వచ్చింది. అదీ పాత చీర, అంచు చిరిగింది.

"ఇవాళేంటి పెద్దమ్మా, ఎవరూ రాలేదు?"

"పుష్యమాసంలో ఎవరొస్తారే? పెళ్ళా, పేరంటమా? నన్ను చూడాలంటే శ్రావణంలో చూడాలి. నీళ్ళు తాగే తీరిక ఉండదు."

లిఖిత చేతిలో ఫాల్ బట్ట ఉంది. మడత పెట్టడం ఆపింది. ఫోన్ తీసి పలకల లెక్క చూసింది. సెంటర్లో ఆరు వందల నలభై ముగ్గురు ఉన్నారు. లేచి రోడ్డు మీదికి వచ్చింది. జిరాక్స్ షాపు ముందు స్కాలర్‌షిప్ దరఖాస్తులతో పిల్లలు వరుసలో ఉన్నారు. వాళ్ళ తండ్రులు మస్తాన్ దగ్గర నిలబడ్డారు. తల్లులు కూరగాయల బళ్ళ దగ్గర ఉన్నారు. హాలు గేటు పట్టుకుని ఇద్దరు పిల్లలు ఊగుతున్నారు.

వెనక్కి వచ్చింది.

"పెద్దమ్మా, మేం రికార్డు చేసిన ముప్పై రోజులూ శ్రావణమే."

"తెలుసుగా. జనం బాగా ఉన్నప్పుడు చూసుకుంటారులే అనుకున్నా." నాంచారమ్మ పాత చీర అంచు కత్తిరిస్తూ ఉంది. "నీకు తెలీదా ఏంటి? ఆ స్టూలు మీదే కదా పెరిగావు."

పలకలు ఆగస్టు తర్వాత కూడా పనిచేస్తూనే ఉన్నాయి. మండలి అడిగింది ముప్పై రోజులే కనక మిగతాది ఎవరూ తెరిచి చూడలేదు. లిఖిత వారం రోజులు పరిశోధనశాలలో ఉండి, బాగా వెలిగే చుక్కలనే తీసుకుని సెప్టెంబరు నుంచి నెల నెలా తీసివేత నడిపించింది. సెప్టెంబరులో నాంచారమ్మను తీస్తే వెలుగు పద్నాలుగు శాతం తగ్గింది. అక్టోబరులో అయిదు. డిసెంబరులో రెండు. కార్తీకంలో జాబితాలో మొదట ఉన్నది వత్తులు అమ్మే ఒక ముసలామె. ఆమెను తీస్తే ముప్పై మూడు శాతం పోయింది. డిసెంబరులో జిరాక్స్ షాపు. ఒక నెలలో మొదట ఉన్న చుక్క మరో నెలలో మొదట లేదు. ఒకరు తగ్గినప్పుడు ఇంకొకరు పెరుగుతున్నారు. మొత్తం వెలుగు మాత్రం నెలకీ నెలకీ నాలుగు శాతానికి మించి మారలేదు.

కాగితాలు విశ్వమోహన్ బల్ల మీద పెట్టింది. ఆయన చివరిదాకా చదివాడు. రెండో పేజీకి మళ్ళీ వెనక్కి వెళ్ళాడు.

"ఆషాఢంలో తవ్వాలని ఎవరు నిర్ణయించారు?"

"వర్తకుల సంఘం చెప్పింది సార్. నేను ఒప్పుకున్నాను. మీరు సంతకం పెట్టారు."

విశ్వమోహన్ కళ్ళజోడు తీశాడు. "ఊటపాడుతో కలిపి, ఇలాగే ఒక్క నెల చూసి, పదకొండు సెంటర్లకి ఉత్తర్వులు వెళ్ళాయి లిఖితా. ఒకచోట బార్బరు. ఒకచోట పూలు కట్టే అమ్మాయి, దానికి పెళ్ళి కుదిరింది, అత్తారూరు వెళ్ళడానికి దరఖాస్తు పెట్టుకుంది. ఇప్పుడు పోయి మేం నెల తప్పు చూసుకున్నాం అని చెప్పనా?"

"చెప్పాలి కదండీ."

"ఎవరు నమ్ముతారు? మూల బిందువు మీ పెద్దమ్మ. ఆవిడకి సెలవు కావాలి. ఆ సెలవు వచ్చేలా లెక్క మార్చింది నువ్వు."

"మొదటి లెక్క చేసింది కూడా నేనే సార్. అప్పుడూ ఆవిడ మా పెద్దమ్మే."

విశ్వమోహన్ కాగితాలు మూసి మండలికి పంపుతానన్నాడు. పంపాడు. మండలి ముగ్గురు సభ్యుల కమిటీ వేసింది. ఫిబ్రవరి తొమ్మిదిన వింటామని రాసింది. అప్పటిదాకా ఉత్తర్వు అమల్లో ఉంటుంది.

జనవరి పద్దెనిమిదిన మస్తాన్ కూతురి నిఖా జరిగింది. పందొమ్మిదిన నాంచారమ్మ సంచి సర్దుకుంది. అందులో రెండు చీరలు, దువ్వెన, డాక్టరు కాగితాలు పెట్టుకుంది.

"మూడు వారాలు ఆగుదాం పెద్దమ్మా," అంది లిఖిత. "ఇప్పుడు మూస్తే చోటు పోతుంది. తొమ్మిదో తారీకున మన లెక్క సరైందని తేలితే ఉత్తర్వే ఉండదు. అప్పుడు మూడు నెలలు కాదు, ఆరు నెలలు మూసుకో."

"తేలుతుందా?"

"తేలకుండా ఎలా ఉంటుంది? అంకెలు ఎదురుగా ఉన్నాయి."

నాంచారమ్మ సంచిలోంచి దువ్వెన తీసి అద్దం దగ్గర పెట్టింది.

ఫిబ్రవరి తొమ్మిదిన ఒక సభ్యుడు రాలేదు. ఇరవై మూడుకి వాయిదా వేశారు. ఇరవై మూడున సభ్యులు ముగ్గురూ వచ్చారు, ఊటపాడు ఫైలు రాలేదు. మార్చి పదహారుకి వాయిదా వేశారు. ఫాల్గుణంలో పెళ్ళిళ్ళు ఎక్కువ. స్టూలు మీద ఒకరు, మెట్ల మీద ముగ్గురు కూర్చునేవారు. నాంచారమ్మ వేళ్ళకు చీర తగలడం ఎప్పుడు మానిందో ఆమె ఎవరికీ చెప్పలేదు. కంటితో చూసుకుంటూ కుట్టింది. రెండుసార్లు సూది వేలిలోకి దిగింది. చీర మీద మరక చూసి కస్టమరు చెప్పాకే ఆమెకు తెలిసింది.

*

మార్చి పదకొండున మస్తాన్ ఆమెను బండి మీదే తీసుకెళ్ళాడు. లిఖిత నగరం నుంచి నేరుగా ఆస్పత్రికి వచ్చింది. డాక్టరు నాంచారమ్మ అరచేతిని దీపం కింద పెట్టి బొటనవేలి మొదలు చూపించాడు. అక్కడ కండ ఉండాల్సిన చోట గుంట ఉంది.

"సెప్టెంబరులో రమ్మన్నాను కదమ్మా."

"సెలవు దొరకలేదండి," అంది నాంచారమ్మ.

డాక్టరు కాగితం తిప్పి చూశాడు. వృత్తి అన్నచోట దర్జీ పని అని ఉంది. "ఎవరి దగ్గర పనిచేస్తున్నావు?"

"ఎవరి దగ్గరా కాదండి. నా మిషనే."

డాక్టరు లిఖిత వైపు చూశాడు. ఆపరేషన్ ఎప్పుడు చేస్తారని లిఖిత అడిగింది.

పన్నెండున ఆపరేషన్ జరిగింది. నరం మీద ఒత్తిడి తీసేశామని, స్పర్శ కొంత రావచ్చని, కండ తిరిగి వస్తుందని మాత్రం చెప్పలేనని డాక్టరు అన్నాడు.

పదకొండు నుంచి మూడు రోజులూ సాయంత్రం ఆరింటికి లిఖిత ఆస్పత్రి వరండాలో నిలబడి ఫోన్లో పలకల లెక్క చూసింది. పదకొండున తొమ్మిది వందల రెండు. పన్నెండున ఎనిమిది వందల ఎనభై తొమ్మిది. పదమూడున తొమ్మిది వందల ముప్పై ఒకటి.

పదమూడు సాయంత్రం మస్తాన్ ఫ్లాస్కులో టీ తెచ్చాడు. నాంచారమ్మ ఎడమచేత్తో గ్లాసు పట్టుకుంది.

"సెంటరెట్లా ఉంది?" అని అడిగింది.

"ఎట్లా ఉంటుందక్కా. పళ్ళ బండాయన పుచ్చకాయలు దించాడు. కోసి ముక్కలు పెడుతున్నాడు. జనమంతా అక్కడే."

నాంచారమ్మ లిఖితను చూసింది. "ఆ గాజు బల్ల మీద నన్ను తీసేసి చూశానన్నావే. ఇప్పుడు నిజంగానే తీసేశారుగా. ఎంత తగ్గింది?"

లిఖిత ఫోన్ చేతిలోనే ఉంది.

"ఏం తగ్గలేదు పెద్దమ్మా."

నాంచారమ్మ టీ తాగింది. గ్లాసు మస్తాన్‌కు ఇచ్చి ఫ్లాస్కు మూత పెట్టమంది.

పద్నాలుగు ఉదయం మండలి మనుషులు మెట్ల కింద తాళం వేశారు. మిషన్ తీసి హాలు వసారాలో పెట్టి, అప్పగించినట్టు మస్తాన్ చేత సంతకం చేయించుకున్నారు. పదహారున ఆ చోటును శిక్షణ పొందిన ఒక అమ్మాయికి కేటాయించారు. కేటాయింపు కాగితంలో ఒక షరతు ఉంది. ప్రతి కస్టమరునూ కనీసం ఇరవై నిమిషాలు కూర్చోబెట్టాలి. అమ్మాయి మిషన్ కొత్తది, పికో నాలుగు నిమిషాల్లో అయిపోతుంది.

"అయిపోయిందిగా, ఇచ్చెయ్యమ్మా," అని మొదటి వారంలో ఒకామె అడిగింది.

"ఇంకా పదహారు నిమిషాలుందండీ," అంది ఆ అమ్మాయి.

"దేనికి?"

"నాకూ తెలీదండీ. కూర్చోండి."

అదే పదహారున కమిటీ కూర్చుంది. ఊటపాడులో జనం తగ్గకపోవడానికి మండలి చోటును వెంటనే కేటాయించడమే కారణమని రాసుకుంది. పదకొండు నుంచి పదిహేను దాకా ఆ చోట ఎవరూ లేరని లిఖిత చెప్పింది. ఆ మాట నమోదు చేశారు. ఏప్రిల్ ఇరవై రెండున ఇచ్చిన నివేదికలో తీసివేత పద్ధతి సరైనదేనని, ఇకపై పరిశోధకులను వాళ్ళ బంధువులున్న ఊళ్ళలో నియమించకూడదని సిఫార్సు చేశారు. లిఖిత ఏప్రిల్ ముప్పైన ఉద్యోగం మానేసింది.

పన్నెండో సెంటర్ పనికి జూన్‌లో టెండరు పిలిచారు. అందులో తవ్వకం జులై పదహారు నుంచి, రికార్డు ఆగస్టు పదమూడు నుంచి ముప్పై రోజులు అని ఉంది. ఈసారి అధిక మాసం వచ్చింది. క్యాలెండరులో జులై పదహారు ఆషాఢం మొదటి రోజు. ఆగస్టు పదమూడు శ్రావణం మొదటి రోజు.

జులై ఆరున నాంచారమ్మ పరీక్షకు వెళ్ళింది. ఫిజియోథెరపీ గదిలో పట్టు కొలిచే పిడి ఒకటి ఉంది. దాన్ని మూడుసార్లు నొక్కించి, మూడింటిలో ఎక్కువ వచ్చిన అంకెను రాస్తారు. ముందు ఎడమచెయ్యి నొక్కించారు. పందొమ్మిది కిలోలు. తర్వాత కుడిచెయ్యి. మూడున్నర.